పిల్లల సాఫ్ట్ టాయ్స్ ఉతకడం, ఆరబెట్టడం, క్రిములు లేకుండా ఉంచడం: తరచుగా అడిగే ప్రశ్నలు

వానాకాలం మొదలైతే చాలు, మా అక్క దగ్గర్నుంచి పక్క ఫ్లాట్‌లో కొత్తగా తల్లైన అమ్మాయి దాకా అందరూ నన్ను ఇవే అడుగుతారు, టెడ్డీని మెషీన్లో వెయ్యొచ్చా, డెట్టాల్ పొయ్యాలా, ఎండలో పెడితే చాలదా అని. ప్రతిసారీ ఫోన్లో చెప్పే బదులు అన్నీ ఒకచోట రాసిపెట్టాను. వరసగా చదవక్కర్లేదు, మీ డౌట్ ఏదో అది చూసుకోండి. ఒక్కమాట మాత్రం ముందే చెప్తాను, బొమ్మని ఉతకడం అందరికీ వచ్చు, లోపలిదాకా ఆరబెట్టడం దగ్గరే చాలామంది దెబ్బతింటారు, అందుకే ఆ భాగం కొంచెం ఎక్కువ రాశాను.

## కొన్నప్పుడు, ఇంటికి తెచ్చినప్పుడు

కొత్త బొమ్మే కదా, ఉతక్కుండా పాపకి ఇచ్చేయొచ్చా?

ఒకసారి ఉతికే ఇవ్వండి, కవర్లో ప్యాక్ చేసి వచ్చినా సరే. గోడౌన్ దుమ్ము, షాపులో పదిమంది పట్టుకున్న చేతులు, బట్టలో మిగిలిపోయిన రంగు ఇవన్నీ ఉంటాయి, ఏడాది పిల్లలు చేతికిచ్చిన వెంటనే నోట్లోనే పెట్టుకుంటారు. ఉతికే ముందు ఒక తెల్ల గుడ్డ తడిపి బొమ్మ కింద భాగంలో గట్టిగా రుద్ది చూడండి. రంగు అంటుకుంటే దాన్ని వేరే బట్టలతో కలపకండి, రెండు మూడు సార్లు ఉతికాక కూడా రంగు దిగుతూనే ఉంటే నోట్లో పెట్టుకునే పిల్లలకి అది వద్దు.

కొనేటప్పుడే ఏం చూసుకోవాలి?

ముందు ఐఎస్ఐ మార్క్. మన దేశంలో 14 ఏళ్ళ లోపు పిల్లల బొమ్మలకి 2021 జనవరి 1 నుంచి అది తప్పనిసరి చేశారు, మామూలు బొమ్మలైతే మార్క్ పైన ఐఎస్ 9873 అని, కరెంటు లేదా బ్యాటరీతో నడిచేవైతే ఐఎస్ 15644 అని ఉంటుంది. ఆ తర్వాత ఉతకడానికి వీలుగా ఉందా అని చూడండి. చిన్న సైజు, పొట్టి బొచ్చు, దారంతో కుట్టిన కళ్ళు ఉన్నవి తొందరగా శుభ్రమవుతాయి, తొందరగా ఆరతాయి. ప్లాస్టిక్ కళ్ళు, గుండీలు, ముత్యాలు ఉంటే గోటితో లాగి చూడండి, కాస్త కదిలినా మూడేళ్ళ లోపు పిల్లలకి ఇవ్వకండి, ఊడి గొంతుకి అడ్డం పడతాయి. తిరునాళ్ళలో, రోడ్డు పక్కన కొన్నవాటిలో ఒక్కోసారి స్పాంజి ముక్కలు, బట్ట పేలికలు కుక్కి ఉంటాయి, నొక్కితే గడ్డలు గడ్డలుగా తగుల్తాయి, అలాంటివి నీళ్ళు పీల్చాయంటే ఆరడం చాలా కష్టం.

మా ఆడపడుచు వాళ్ళ పిల్లల పాత బొమ్మలు ఒక సంచి నిండా ఇచ్చింది, వాడొచ్చా?

వాడొచ్చు, కానీ ఆ సంచిని నేరుగా బెడ్‌రూమ్‌లోకి తీసుకెళ్ళకండి, మూతి కట్టి బాల్కనీలో పెట్టండి. ఒక్కొక్కటే తీసి కుట్ల దగ్గర, చంకల్లో, తోక కింద వెలుతుర్లో చూడండి, సిరా చుక్కల్లాంటి మచ్చలుంటే అవి నల్లుల ఆనవాళ్ళు కావచ్చు. 60 డిగ్రీల నీళ్ళలో ఉతికితే నల్లులు, గుడ్లు రెండూ పోతాయి. వేడి నీళ్ళు తట్టుకోని బొమ్మైతే కవర్లో గట్టిగా కట్టి, మైనస్ 18 డిగ్రీలు వచ్చే ఫ్రీజర్లో నాలుగు రోజులు పూర్తిగా ఉంచి తర్వాత ఉతకండి. ఊడిపోతున్న కళ్ళు, తెగిన కుట్లు ఉతికే ముందే సరిచెయ్యాలి, లేదంటే మెషీన్ నిండా దూదే.

## రోజూ వాడుకునేటప్పుడు

ఎన్ని రోజులకోసారి ఉతకాలి?

పక్కలో పెట్టుకుని పడుకునేది, నోట్లో పెట్టుకునేది వారానికోసారి. ఆడుకుని బుట్టలో పడేసేవి నెలకోసారి. అల్మరాలో అలంకారానికి పెట్టినవి రెండు మూడు నెలలకోసారి దులిపితే చాలు, దులిపేది మాత్రం బయట దులపండి, పిల్లలు ఉన్న గదిలో వద్దు. పాలు, అన్నం, వాంతి పడితే అదే రోజు ఉతికెయ్యాలి, వారం ఆగొద్దు. బొమ్మలు ఎక్కువైపోయి ఉతకలేకపోతున్నాం అనేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే, నాలుగు బయట ఉంచి మిగతావి కట్టి పైన పెట్టండి, నెలకోసారి మార్చండి, పిల్లలకి కూడా కొత్తవి వచ్చినట్టే ఉంటుంది.

మా బాబుకి ఆరు నెలలు, నిద్రలో పక్కన చిన్న టెడ్డీ పెట్టొచ్చా?

వద్దండి. ఎంత శుభ్రంగా ఉతికినా సరే ఏడాది నిండేదాకా పడుకునే చోట మెత్తని బొమ్మలు, దిండ్లు ఉండకూడదు, ముక్కు మీద పడితే ఆ వయసు పిల్లలు పక్కకి నెట్టుకోలేరు, ఊపిరాడదు. మెలకువగా ఉన్నప్పుడు మీ కళ్ళముందు ఆడుకోనివ్వండి, నిద్రపట్టగానే తీసెయ్యండి. ఫొటో బాగా వస్తుందని చుట్టూ బొమ్మలు పేర్చి అలాగే వదిలేసేవాళ్ళున్నారు, దయచేసి ఆ పని చెయ్యకండి.

మా వాడు బొమ్మని ఉతకనివ్వడు, బకెట్లో వేస్తే ఒకటే ఏడుపు. ఏం చెయ్యాలి?

దొంగతనంగా తీసుకెళ్ళి ఉతకడం కన్నా వాడి చేతే చేయించడం నయం. నీతో పాటు దానికీ స్నానం అని చెప్పి, చిన్న టబ్బులో వాడినే నీళ్ళు పొయ్యనివ్వండి, చెవులు రుద్దనివ్వండి, తర్వాత మీరు సరిగ్గా ఉతుకుతారు. ఆరేటప్పుడు వాడికి కనపడే చోట పెట్టండి, అదిగో అక్కడ ఎండ కాచుకుంటోంది అంటే ఓపిక పడతారు. ఆ ఒక్క బొమ్మ లేనిదే నిద్రపోని పిల్లలైతే కొన్న మొదటి నెలలోనే అచ్చం అలాంటిదే ఇంకోటి కొని, రెండూ మార్చి మార్చి వాడండి, రెండూ ఒకేలా పాతబడతాయి. ఏడాది తర్వాత కొత్తది తెచ్చిస్తే వాసన చూసి ఇది నాది కాదు అనేస్తారు.

బస్సులోనో ఆసుపత్రిలోనో కింద పడితే శానిటైజర్ కొట్టి ఇచ్చెయ్యొచ్చా?

శానిటైజర్ చేతులకోసం చేసింది, బొచ్చు లోపలికి సరిగ్గా దిగదు, మట్టి, తేమ ఉన్నచోట పెద్దగా పనిచెయ్యదు, పైగా తడి ఆరకముందే పిల్లలు నోట్లో పెట్టేస్తారు. వాంతులు, విరేచనాలు తెప్పించే నోరోవైరస్ లాంటివాటి మీదైతే దాని ప్రభావం చాలా తక్కువ. ఒక కవర్లో వేసి పక్కన పెట్టండి, ఇంటికొచ్చాక సబ్బుతో ఉతకండి. దూరం వెళ్ళేటప్పుడు బ్యాగులో ఇంకో బొమ్మ పెట్టుకుంటే ఈ గొడవే ఉండదు.

## ఉతికేటప్పుడు

వాషింగ్ మెషీన్లో వేస్తే పాడైపోదా?

ముందు బొమ్మకి కుట్టిన లేబుల్ చూడండి, నీళ్ళ తొట్టి గుర్తు మీద ఇంటూ మార్క్ ఉంటే మెషీన్లోనే కాదు, చేత్తో కూడా నీళ్ళలో ఉతకొద్దని అర్థం. మిగతావి పాత దిండు గలీబులో పెట్టి మూతి ముడివేసి వెయ్యండి, కళ్ళు ఊడవు, బొచ్చు రేగదు, ఊడిన దారం మెషీన్లో చిక్కుకోదు. జెంటిల్ మోడ్ పెట్టండి, తోడుగా రెండు తువ్వాళ్ళు వేస్తే డ్రమ్ము ఒక పక్కకి ఒరగదు. లిక్విడ్ మామూలుగా వేసేదాన్లో సగం చాలు, ఎక్కువైతే నురగ లోపలి ఫైబర్‌లో ఉండిపోతుంది, అందుకే జాడించడం ఒకసారి ఎక్కువ పెట్టండి. బట్టలు మెత్తబడ్డానికి వేసే కంఫర్ట్ లాంటివి నోట్లో పెట్టుకునే బొమ్మలకి వద్దు. సెమీ ఆటోమేటిక్ అయితే ఐదు నిమిషాలు తిప్పి, గలీబుతో సహా పక్క డ్రయర్లో వేసి తిప్పెయ్యండి, ఆ తిప్పుడుకే సగం నీళ్ళు పోతాయి.

చన్నీళ్ళా, వేణ్ణీళ్ళా?

మామూలు మురికికి చన్నీళ్ళు, సబ్బు చాలు, సబ్బే మురికితో పాటు క్రిముల్ని కూడా వదిలించి కొట్టుకుపోయేలా చేస్తుంది. జబ్బు చేసినప్పుడు, దుమ్ము పురుగుల (కంటికి కనపడని డస్ట్ మైట్స్) అలర్జీ ఉన్నప్పుడు మాత్రం 60 డిగ్రీలు కావాలి. హీటర్ ఉన్న ఫ్రంట్ లోడ్ మెషీన్లలో ఆ సెట్టింగ్ ఉంటుంది, లేకపోతే బాగా కాగిన నీళ్ళు బకెట్లో పోసి కర్రతో ముంచండి. 60 డిగ్రీల నీళ్ళు పడితే కొన్ని క్షణాల్లోనే చర్మం బొబ్బలెక్కుతుంది, కాబట్టి మీ చెయ్యి పెట్టకండి, పిల్లల్ని ఆ చుట్టుపక్కలకి రానివ్వకండి. జిగురుతో అతికించిన ముక్కు, కళ్ళు ఉన్న బొమ్మలు, ఉన్ని అల్లిక బొమ్మలు ఆ వేడికి పాడవుతాయి.

డెట్టాల్ వెయ్యాలా? బ్లీచింగ్ వేస్తే ఇంకా మంచిదా?

ప్రతిసారీ అక్కర్లేదు. ఇంట్లో ఎవరికైనా జబ్బుంటే వెయ్యండి, సీసా మీద బట్టలకి ఎంత రాశారో అంతే వెయ్యండి, ఘాటు ఎక్కువుంటే క్రిములు ఎక్కువ చస్తాయని అనుకోవద్దు, తర్వాత వాసన పోయేదాకా జాడించాలి. ఇంట్లో పిల్లి ఉంటే అసలే వద్దు, అందులో ఉండే మందు పిల్లులకి విషం. బ్లీచ్ రంగుల్ని తినేస్తుంది, మచ్చలు మచ్చలుగా అయిపోతుంది, నేనైతే సాఫ్ట్ టాయ్స్‌కి వాడను. ఒకవేళ తెల్లవాటికి వాడినా దాన్ని వెనిగర్‌తో గానీ బాత్రూమ్ కడిగే యాసిడ్‌తో గానీ ఎప్పుడూ కలపొద్దు, క్లోరిన్ గ్యాస్ వస్తుంది, మూసిన బాత్రూమ్‌లో అది ప్రాణం మీదికి తెస్తుంది.

కుంకుడుకాయ, వంటసోడా, వెనిగర్ పనిచేస్తాయా?

కుంకుడు రసం బాగా పనిచేస్తుంది, మురికి వదిలిస్తుంది, ఉన్నితో అల్లిన బొమ్మలకి, అమ్మమ్మలు చీర ముక్కలతో కుట్టిన బట్ట బొమ్మలకి నేను అదే వాడతాను, కాకపోతే వడకట్టి వాడండి, తెల్లవాటికి కాస్త పసుపు ఛాయ వస్తుంది, కళ్ళల్లో పడితే మంట సంగతి మనకి తెలిసిందే. వంటసోడా వాసన లాగుతుంది, తడపడానికి వీల్లేని బొమ్మ మీద చల్లి గంటాగి దులిపెయ్యొచ్చు, అంతకుమించి క్రిముల్ని ఏం చెయ్యదు. వెనిగర్ కూడా వాసనకే, జబ్బు చేసినప్పుడు దాన్ని నమ్ముకోవద్దు.

పాటలు పాడే బొమ్మ, లోపల బ్యాటరీ ఉంది, ఎలా?

వీపు దగ్గర జిప్పు గానీ వెల్‌క్రో గానీ ఉంటే ఆ డబ్బా తీసేసి మిగతాది ఉతకండి. తీయడానికి రాకపోతే ముంచకండి, సబ్బునీళ్ళలో గుడ్డ ముంచి గట్టిగా పిండి పైపైన తుడవండి, తర్వాత మంచినీళ్ళ గుడ్డతో రెండుసార్లు, తర్వాత ఫ్యాన్ కింద. బ్యాటరీ మూతకి స్క్రూ బిగించి ఉందో లేదో అప్పుడే చూసుకోండి. గుండీ అంత ఉండే బ్యాటరీ పిల్లలు మింగితే ఆహారనాళంలో ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపల కాల్చేస్తుంది, మింగారని అనుమానం వచ్చినా ఆగకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి.

మరీ పెద్ద టెడ్డీ, మెషీన్లో పట్టదు, ఏం చెయ్యాలి?

వీపు మీద చేత్తో కుట్టిన కుట్టు ఒకటి ఉంటుంది, బొచ్చు పక్కకి తీస్తే కనపడుతుంది. దాన్ని జానెడు విప్పి లోపలి ఫైబర్ అంతా ఒక దుప్పట్లోకి తీసెయ్యండి, పైతోలు ఒక్కటే ఉతికి ఆరబెట్టండి, ఫైబర్ బాగానే ఉంటే దోమతెర గుడ్డలో కట్టి రెండు రోజులు ఎండలో పెట్టి మళ్ళీ నింపి కుట్టించండి, వీధి చివర టైలర్ పది నిమిషాల్లో కుట్టిస్తాడు. విప్పే ముందు నొక్కి చూడండి, లోపల థర్మోకోల్ పూసలు జరజరా జారుతున్నట్టుంటే విప్పొద్దు, అవి ఇల్లంతా ఎగురుతాయి, పిల్లలు ముక్కుల్లో పెట్టుకుంటారు.

ఉతికాక బొచ్చు గరుకుగా అయిపోతోంది, ఎందుకు?

బోరు నీళ్ళు. ఆ నీళ్ళల్లో ఉప్పులకి సబ్బు పట్టుకుని బొచ్చు మీద తెల్లటి పొరలా మిగిలిపోతుంది. ఉతకడం బోరు నీళ్ళలోనే కానివ్వండి, చివరి జాడింపు మాత్రం మంజీరా నీళ్ళో, కృష్ణా నీళ్ళో, వాననీళ్ళో ఒక బకెట్ పట్టుకుని అందులో చెయ్యండి. సగం ఆరాక పాత టూత్‌బ్రష్‌తో బొచ్చు వాలు వైపుకి దువ్వండి. ఇస్త్రీ పెట్టొద్దు, అది సింథటిక్ బొచ్చు, కరిగి ముద్ద కడుతుంది.

## ఆరబెట్టేటప్పుడు

ఎండలో పెడితే క్రిములు చస్తాయి కదా, ఉతకడం ఎందుకు?

ఎండ పైపైన ఉన్నవాటినే చంపుతుంది, బొచ్చు నీడలో, లోపలి దూదిలో ఉన్నవాటి దాకా ఆ కిరణాలు వెళ్ళవు. చొంగ, పాలు, చెమట అలాగే ఉంటాయి, అవే క్రిములకి తిండి. కాబట్టి ఉతికి తర్వాత ఎండలో పెట్టాలి, రెండు వైపులా తిప్పుతూ ఉండాలి. మే నెలలో విజయవాడ ఎండకి మధ్యాహ్నమంతా వదిలేస్తే రంగు వెలిసిపోతుంది, పొద్దున పదకొండింటి దాకా పెట్టి తర్వాత గాలి ఆడే నీడలోకి మార్చండి.

వానాకాలంలో ఎన్ని రోజులున్నా ఆరట్లేదు, చెమ్మ వాసన వస్తోంది.

నాకు ఇది అనుభవం మీద తెలిసింది. ఒక శ్రావణమాసంలో మా పాప కుందేలు బొమ్మని ఉతికి చెవులకి క్లిప్పులు పెట్టి బాల్కనీ దండెం మీద వేశాను, రెండో రోజుకి బొచ్చు ఆరి మెత్తగా అయ్యింది, ఇచ్చేశాను. నాలుగో రోజు పొద్దున పాపే దాన్ని దూరంగా పట్టుకుని అమ్మా కుందేలు కంపు అంది. వీపు కుట్టు విప్పి వేలు పెడితే నడిమధ్య ఫైబర్ చల్లగా తగిలింది, బయటికి లాగితే పిడికిలంత తడి ముద్ద, దానిమీద ఆవగింజల్లా నల్లటి బూజు చుక్కలు. రెండు రాత్రులు నా బిడ్డ దాని మీద ముక్కు ఆనించి పడుకుంది, అది తల్చుకుంటే ఇప్పటికీ కడుపులో దేవినట్టు ఉంటుంది.

అప్పట్నుంచి నేను చేసేది చెప్తాను. నీళ్ళలోంచి తీశాక మెలిపెట్టి పిండను, లోపల దూది ఉండ కడుతుంది, పొడి తువ్వాల్లో చాపలా చుట్టి మీద నిలబడి తొక్కుతాను, తువ్వాలు తడిస్తే మార్చి ఇంకోసారి. తర్వాత ఉల్లిపాయలు వచ్చే జాలీ సంచిలో వేసి ఫ్యాన్ కింద వేలాడదీస్తాను, అన్ని వైపులా గాలి తగుల్తుంది, చెవుల మీద బరువు పడి కుట్లు తెగవు. మూడు గంటలకోసారి తీసి చేత్తో పిసికి లోపలి దూది విడదీసి తలకిందులు చేస్తాను. ఏసీ ఉన్నవాళ్ళు డ్రై మోడ్‌లో ఆ గదిలో పెట్టండి. హెయిర్ డ్రయర్ అయితే చల్లగాలి మీదే. ముసురు పట్టిన వారంలో లావు బొమ్మలు అసలు తడపకండి, తుడిచి ఊరుకోండి, మరీ తప్పకపోతే వీపు విప్పి దూది తీసి ఉతకండి.

పైకి ఆరింది, లోపల ఆరిందో లేదో ఎలా తెలుస్తుంది?

రెండు చేతుల మధ్య గట్టిగా నొక్కి అలాగే అర నిమిషం పట్టుకోండి, లోపల తడి ఉంటే చల్లదనం అరచేతికి తెలుస్తుంది. ఇంకా నమ్మకమైనది కిచెన్ స్కేల్, ఉతికే ముందు బొమ్మ బరువు తూచి రాసుకోండి, ఆరాక మళ్ళీ తూచండి. 180 గ్రాముల బొమ్మ 195 చూపిస్తోందంటే ఆ 15 గ్రాములు లోపల ఉన్న నీళ్ళే, పైకి ఎంత మెత్తగా ఉన్నా ఇంకో రోజు ఫ్యాన్ కింద ఉండాల్సిందే.

## పిల్లలకి జబ్బు చేసినప్పుడు

వాంతి, విరేచనం బొమ్మ మీద పడింది.

గ్లౌజులు వేసుకుని ముందు టిష్యూతో గట్టిది తీసెయ్యండి, తర్వాత చన్నీళ్ళ కింద పట్టండి, నేరుగా వేణ్ణీళ్ళు పోస్తే మరక పట్టేస్తుంది. ఆ తర్వాతే సబ్బు, 60 డిగ్రీల నీళ్ళు, అదీ వేరే బట్టలతో కలపకుండా. అయ్యాక చేతులు సబ్బుతోనే కడుక్కోండి. ఆ వేడి తట్టుకోని బొమ్మైతే, దాని మీద బాగా పడిందంటే పారెయ్యడమే మంచిది.

హ్యాండ్ ఫుట్ మౌత్ (చేతులు, కాళ్ళు, నోట్లో పొక్కులొచ్చే వైరస్ జబ్బు) వచ్చింది, బొమ్మలన్నీ ఉతకాలా?

జ్వరం మొదలైన దగ్గర్నుంచి పట్టుకున్నవన్నీ ఉతకాలి. అందుకే జ్వరం రాగానే ఉతకడానికి వీలైన ఒక్క బొమ్మ ఇచ్చి మిగతావి దాచెయ్యండి, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు ఉంటే ఆ బొమ్మ వాళ్ళ చేతికి వెళ్ళకుండా చూడండి. పొక్కులు తగ్గాక కూడా కొన్ని వారాలు విరేచనంలో వైరస్ వస్తూనే ఉంటుంది, కాబట్టి డైపర్ మార్చాక మీ చేతులు, బాత్రూమ్ నుంచి వచ్చాక వాళ్ళ చేతులు సబ్బుతో కడగడం బొమ్మ ఉతకడం కన్నా ఎక్కువ కాపాడుతుంది.

స్కూల్లో పేలు ఎక్కాయి / గజ్జి వచ్చింది, బొమ్మల సంగతి?

పేలు తల మీద నుంచి పడితే ఒకటి రెండు రోజులకి మించి బతకవు, గజ్జి పురుగు కూడా ఒంటి మీద నుంచి వేరైతే మామూలుగా రెండు మూడు రోజులే. వేడి నీళ్ళలో ఉతకగలిగినవి ఉతకండి, మిగతావి ప్లాస్టిక్ కవర్లో గాలి పోకుండా కట్టెయ్యండి, గజ్జికైతే వారం, పేలకైతే గుడ్ల అనుమానం కూడా లేకుండా రెండు వారాలు. గజ్జికి మందు మాత్రం డాక్టర్ చెప్పినట్టు ఇంట్లో అందరూ ఒకే రోజు రాసుకోవాలి, బొమ్మలొక్కటీ ఉతికితే మళ్ళీ వస్తుంది.

బాబుకి ఆయాసం, ఫ్రీజర్లో పెడితే క్రిములు పోతాయంటున్నారు, నిజమేనా?

సగం నిజం. మైనస్ 18 దగ్గర ఒక రోజు ఉంచితే దుమ్ము పురుగులు చస్తాయి, కానీ అలర్జీ తెప్పించేది వాటి రెట్టలు, అవి చలికి పోవు, బయటికి తీశాక ఉతికితేనే పోతాయి. బ్యాక్టీరియా, వైరస్ ఫ్రీజర్లో చావవు, చాలావరకు అలా పడుంటాయి అంతే. సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో పైన ఐస్ పెట్టే అర అంత చల్లబడకపోవచ్చు. ఆయాసం ఉన్న పిల్లలకి పక్క మీద ఒక్క బొమ్మే ఉంచి, దాన్ని వారం వారం 60 డిగ్రీల్లో ఉతకడం అన్నిటికన్నా తేలిక.

## దాచేటప్పుడు

కలరా ఉండలు వేసి కట్టి పెట్టొచ్చా?

పిల్లల బొమ్మల్లో, బట్టల్లో ఎప్పుడూ వద్దు. జీ6పీడీ లోపం (ఎర్ర రక్తకణాల్ని కాపాడే ఒక ఎంజైమ్ పుట్టుకతోనే తక్కువగా ఉండడం) ఉన్న పిల్లలకి ఈ ఉండల్లో ఉండే నాఫ్తలీన్ ఆవిరి తగిలినా ఎర్ర రక్తకణాలు పగిలిపోయి కామెర్లు రావచ్చు, ఆ లోపం ఉందని చాలామందికి ముందు తెలియదు కూడా. కాస్త పెద్ద పిల్లలైతే చాక్లెట్ అనుకుని నోట్లో వేసుకుంటారు. బాగా ఎండిన బొమ్మని కాటన్ సంచిలో పెట్టి, పైన ఎండిన వేపాకులు గుడ్డలో మూటకట్టి వేస్తే చాలు. చెమ్మ గోడకి ఆనించకండి.

ఇంక పారెయ్యాల్సిందే అని ఎప్పుడు అనుకోవాలి?

పైబట్టకి బూజు మచ్చలు పట్టి ఉతికినా పోకపోతే, లోపలి స్పాంజి పొడిపొడిగా రాలుతుంటే, ఎన్నిసార్లు ఆరబెట్టినా అదే వాసన తిరిగొస్తుంటే పారెయ్యండి. లోపల ఒక్కటే పాడైతే ఫైబర్ మారిస్తే చాలు, పాత దిండ్లు నింపేవాళ్ళ దగ్గర కొత్త ఫైబర్ దొరుకుతుంది. మా పాప కుందేలు లోపల ఒకసారి బూజు పడితే దూదంతా తీసేసి, తోలు వేణ్ణీళ్ళలో ఉతికి, మూడు రోజులు ఎండబెట్టి కొత్త ఫైబర్ నింపాను, చీకి చీకి చిరిగిపోయిన చెవికి మా అమ్మ తన పాత చీర ముక్క అతుకు వేసింది. ఇప్పుడు పాప ఆ అతుకు పట్టుకునే పడుకుంటుంది.